కంటిలో పురుగుకు పసరు మందు కాదు

పెనుగొండ : కంటి తెల్లగుడ్డు మీద దారంలాంటి పురుగు కదులుతోందంటే విన్నవారు ముందు నమ్మరు. నమ్మాక దిష్టి అంటారు, చేతబడి అంటారు. నిజానికది కుక్క ఒంట్లో పెరిగే పురుగు. పేరు డైరోఫైలేరియా. ఆ పురుగున్న కుక్కను కుట్టిన దోమ కొన్నాళ్ల తర్వాత మనిషిని కుడితే పిల్లపురుగు మనిషి ఒంట్లో చేరుతుంది. చర్మం కింద నెలల తరబడి తిరిగి, కొందరిలో కంటి పైపొర కిందికి వస్తుంది. కన్ను ఎర్రబడి వాస్తుంది. లోపల ఏదో పాకినట్లుంటుంది. కేరళలో ఇటువంటి కేసులు చాలా బయటపడ్డాయి. దోమలకూ, ఊరకుక్కలకూ కొదవలేని గోదావరి డెల్టాకు ఈ బెడద రాదనుకుని కూర్చోవడం తగదు.

చికిత్స పెద్దదేమీ కాదు. కంటి డాక్టరు మత్తు చుక్కలో, ఇంజెక్షనో ఇచ్చి, పైపొరకు చిన్న గాటు పెట్టి పురుగును తీసేస్తారు. ఒకరినుంచి ఒకరికి అంటే జబ్బు కాదు గనుక రోగిని దూరం పెట్టడం అన్యాయం. అయితే కన్ను ఎర్రబడగానే ఆకుపసరు, చనుబాలు పోయించుకుని రోజులు గడిపేవారు పల్లెల్లో నేటికీ ఉన్నారు. పసరులోని మురికితో నల్లగుడ్డుపై పుండు పడి, పువ్వు వేసి చూపే పోవచ్చు. పురుగు కనబడినప్పుడే తీయించుకోవాలి. పక్కకు జారిపోతే వెతకడం కష్టం. గుడ్డు లోపలికి చేరితే చూపుకు ముప్పు.

బోదకాలు కూడా దోమ తెచ్చే పురుగు జబ్బే, కాకుంటే పురుగు వేరు. దానికి వాడే డి.ఇ.సి. మందు 1947లో వెలుగు చూసింది. ఆ పరిశోధన నడిపించిన యల్లాప్రగడ సుబ్బారావు పుట్టింది 1895లో, పక్కనున్న భీమవరంలోనే. 2004 నుంచి ప్రభుత్వం ఆ మాత్రలను ఇంటింటికీ ఉచితంగా పంచితే, ‘తర్వాత మింగుతాం’ అని గూట్లో పడేసినవారు ఎందరో!

పంచాయతీలూ తక్కువ తినలేదు. ఏడాదికోసారి పొగమందు కొట్టి ఫొటో దిగితే దోమ చావదు. మురుగుకోడు పూడిక తీసి గట్టుమీదే వదిలేస్తే, వాన పడగానే అది మళ్లీ కోడులోకే చేరుతుంది. సెప్టిక్ ట్యాంకు గొట్టానికి గుడ్డ కట్టుకోవడం మాత్రం ఇంటివారి పనే. ఊరకుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించాలి. పెంపుడు కుక్కలను పశువుల ఆసుపత్రిలో చూపించాలి. వచ్చే గ్రామసభలో వీధిలైట్ల లెక్కతోపాటు మురుగుకోళ్ల లెక్కా జనం అడగాలి.