పడవెక్కి వచ్చిన పుస్తకం

చల్లపల్లిలో బస్సెక్కిన కుర్రాడు విజయవాడలో దిగేలోగా వంద రీల్స్ చూసేస్తాడు. అందులో ఒక్కటి చెప్పమంటే బుర్ర గోక్కుంటాడు. పక్క సీట్లో నవల చదివే పెద్దావిడ, ఆపిన చోట బస్సు టిక్కెట్టు పెట్టుకుని దిగుతుంది. ఇంటికెళ్లి తెరిస్తే కథ అక్కడే ఆమె కోసం కాచుకుని ఉంటుంది.

ఫోను మనల్ని ఆగనివ్వదు. పుస్తకం మనం ఆగితే తానూ ఆగుతుంది. బొమ్మ కట్టుకునే పని మన మనసుకే వదిలేస్తుంది. రుచంతా ఆ పనిలోనే ఉంది.

ఆ రుచి ఎరిగిన నేల ఇది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది బెజవాడలోనే. 1935లో గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం కాలువ పడవలో గ్రంథాలయమే నడిపించారు. విజయవాడ పుస్తక మహోత్సవానికి నేటికీ జనం వస్తున్నారు. గ్రంథాలయాలను పట్టించుకోకపోవడానికి చదివేవాళ్లు లేరనడం వట్టి సాకు.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అది పూర్తిగా గ్రంథాలయాలకే చేరాలి. కొత్త పుస్తకాలు రావాలి. బడి వదిలిన వేళ పిల్లలకు తలుపులు తెరిచి ఉండాలి. ఒకప్పుడు పుస్తకం పడవెక్కి మన దగ్గరికొచ్చింది. ఇప్పుడు మనం నాలుగడుగులు వేస్తే చాలు.