క్షమయు, ఫిర్యాదును

శుభ శుక్రవారమునాడు సోమాజిగూడలోనేమి, పల్లెటూరి పాకగుడిలోనేమి, క్రైస్తవులు సిలువమీది ఏడు మాటలను ధ్యానింతురు. అందు మొదటిది, తన్ను హింసించువారికై క్రీస్తు చేసిన క్షమాప్రార్థన. దానిని దెబ్బతిన్నవాని నోటికి తాళముగా వాడు బోధకులు లేకపోలేదు. అట్టివారు గుఱ్ఱం జాషువను చదువవలెను. 1895లో వినుకొండలో పుట్టి, క్రైస్తవుడయ్యును అంటరానితనపు అవమానమును చవిచూచిన ఆ కవి, 1941లో గబ్బిలము నోట కాశీ విశ్వనాథునికి తన వారి గోడు పంపెను. ఆ చేతితోనే పిదప క్షమామూర్తి కథయు వ్రాసెను. ఇందు వైరుధ్యమేమున్నది? నేరమును నేరమని పలుకనిదే క్షమించుటకేమి మిగులును? క్షమ బాధితుడు తానై ఇచ్చునది. పెద్దలు వసూలు చేయు పన్ను కాదు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. అంతమాత్రాన ‘గబ్బిలము’లోని ఫిర్యాదును జాషువ వెనుకకు తీసికొనలేదు.