ఇటలీ ఎండ, బాన్సువాడ నీడ

మొన్న ఆదివారం పొద్దున స్టూడియో షట్టరు సగం ఎత్తానో లేదో, కిందనుంచి వంగి ఒక తమ్ముడు లోపలికొచ్చాడు. చేతిలో ఫోను. ఫోనులో వరుణ్ తేజ్, లావణ్యా త్రిపాఠీల పెళ్లి.

"అన్నా, నా లగ్గం కుదిరింది. ఫొటోలు గిట్ల రావాలె," అన్నాడు.

"సంతోషం తమ్మీ. లగ్గం ఎక్కడ?"

"మన బాన్సువాడలనే. ఫంక్షన్ హాల్ల."

"ఎప్పుడు?"

"మే నెలల. పగటి పూట, పదకొండు గంటలకు."

నేను నవ్వలేదు. నవ్వితే గిరాకీ పోతుంది! పైగా ఈ కోరిక నాకు కొత్తా కాదు. 2017 డిసెంబరులో విరాట్ కోహ్లీ, అనుష్కా శర్మల పెళ్లి ఫొటోలు వచ్చిన దగ్గర్నుంచీ మా స్టూడియో మెట్లెక్కే పెళ్లికొడుకులకు ఇటలీ పూనింది. మంజీర ఒడ్డున పుట్టినవాడికి కూడా వెనకాల ద్రాక్షతోటే కావాలి.

కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఛాయ్ తెప్పించాను. "ముందు గీ ఫొటోలల్ల ఏమున్నదో చూద్దాం," అన్నాను. ఆ తమ్ముడికి చెప్పిన కబుర్లే ఈ వారం మీకూ చెబుతున్నాను. మీలో రేపో మాపో పీటలెక్కేవాళ్లు బోలెడుమంది ఉంటారు కదా!

*

వరుణ్, లావణ్య 'మిస్టర్' (2017)లో మొదటిసారి కలిసి నటించారు. మరుసటి ఏడు 'అంతరిక్షం'. ఆరేళ్ల తర్వాత, 2023 నవంబరు 1న పెళ్లి. ఊరు ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, సియెనా పట్టణానికి దగ్గర్లో ఉన్న బోర్గో సాన్ ఫెలీచె. ఊరంటే మన ఊరులా అనుకునేరు! నాలుగు రాతి సందులూ, ఒక చర్చీ, చుట్టూ ద్రాక్షతోటలూ ఉన్న పాతకాలపు పల్లె. ఇప్పుడు ఆ పల్లె పల్లే హోటలు. కోహ్లీ పెళ్లి జరిగిన బోర్గో ఫినొక్కియెతో కూడా అలాంటిదే. ఎనిమిది వందల ఏళ్ల నాటి పల్లెను బాగుచేసి అద్దెకిస్తున్నారు.

దీపికా పదుకోన్, రణ్‌వీర్ సింగ్‌ల దారి వేరు. వాళ్లు 2018 నవంబరు 14, 15 తేదీల్లో కోమో సరస్సు ఒడ్డున విల్లా దెల్ బాల్బియనెల్లోలో చేసుకున్నారు. ఒకరోజు కొంకణీ పద్ధతి, మరునాడు సింధీ పద్ధతి. అది పల్లె కాదు, పాత ఫ్రాన్సిస్కన్ మఠం ఉన్న చోట పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఒక కార్డినల్ కట్టించుకున్న విలాసభవనం. మఠం తాలూకు గంట గోపురాలు రెండూ ఇప్పటికీ ఉన్నాయి. సినిమా పిచ్చోళ్లు ఆ చోటు ముందే చూసి ఉంటారు. జేమ్స్‌బాండ్ 'క్యాసినో రాయల్' (2006)లో ఉంది. అంతకుముందు 2002లో వచ్చిన 'స్టార్ వార్స్' చిత్రంలో హీరోహీరోయిన్ల రహస్య వివాహం తీసింది కూడా అక్కడే!

రెండూ ఇటలీయే, రెండూ పాతవే. కానీ కెమెరా పట్టుకున్నవాడికి ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు. రాతి పల్లెలో సందులు ఇరుకు. ఒక గోడ మీద ఎండ, ఎదురు గోడ కింద నీడ. పెళ్లికూతుర్ని నీడలో నిలబెడితే, ఎండపడ్డ గోడ తేనెరంగు వెలుగును ఆమె ముఖం మీదికి తిప్పి కొడుతుంది. మన షూటింగుల్లో థర్మాకోల్ షీటు పట్టుకుని ఒక కుర్రాడు నిలబడతాడు చూడండీ, ఆ పని అక్కడ గోడే చేసిపెడుతుంది.

సరస్సు ఒడ్డున అలా కుదరదు. కమాను కింద నీడలో జంట, వెనక ధగధగా నీళ్లు. ముఖానికి ఎక్స్‌పోజర్ పెడితే నీళ్లు తెల్లకాగితం అయిపోతాయి. నీళ్లకు పెడితే ముఖం బొగ్గు. రెండూ కావాలంటే ముఖం మీదికి మన వెలుగు మనమే పంపాలి. అందుకే తెలివైనవాడు పెళ్లికి ముందు రోజే, సరిగ్గా ముహూర్తం వేళకు వెళ్లి, మండపం దగ్గర నిలబడి తన అరచెయ్యి చాచి చూసుకుంటాడు. చేతిమీద వెలుగెలా పడుతోందో రేపు ముఖం మీదా అలాగే పడుతుంది మరి.

*

"గంతేనా? గోడనే గొప్పదనమా?" అన్నాడు తమ్ముడు.

గోడ సగమే. మిగతా సగం సూర్యుడు. ఈ లెక్క ఎవరూ చెప్పరు, వినండి.

నవంబరు మొదట్లో టస్కనీలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నేలనుంచి 32 డిగ్రీలకు మించి ఎక్కడు. నడినెత్తి అంటే 90 అని గుర్తుంచుకోండి. వరుణ్ పెళ్లి ముహూర్తం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలని పత్రికల్లో వచ్చింది. ఆ వేళకు అక్కడ సూర్యుడి ఎత్తు దాదాపు 20 డిగ్రీలు. అంటే మనకు సాయంత్రం పొలాల మీద పడే ఏటవాలు ఎండ వాళ్లకు సరిగ్గా తలంబ్రాల వేళకు ఉంటుంది! అయిదు దాటిన కాసేపటికే పొద్దు గుంకుతుంది.

మరి మన బాన్సువాడలో? మే రెండో వారం మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన. మనిషి నీడ మనిషి కాళ్లకిందే దాక్కుంటుంది. ఆ ఎండలో ఫొటో తీస్తే నుదురు తెల్లగా మండుతుంది, కళ్లు గుంటలవుతాయి, ముక్కు కింద నల్లని నీడ మీసంలా దిగుతుంది. మీసాల పెళ్లికూతురు ఎవరిక్కావాలి చెప్పండి!

అలాగని ఇటలీలో అన్నీ వడ్డించిన విస్తరి కాదు సుమండీ. వరుణ్ పెళ్లయిన మరునాడు, నవంబరు 2 రాత్రి, టస్కనీలో తుఫాను విరుచుకుపడి వరదలొచ్చాయి. ఒక్కరోజు తేడా! అంత దూరం పోయి, అంత ఖర్చుపెట్టి, వాన పడితే ఫొటోగ్రాఫరు ఏం చేస్తాడు? గొడుగు కింద తీస్తాడు.

ఇంకో సంగతి. ఆ కుటుంబం అక్టోబరు 30 నుంచి మూడు రోజులు వేడుకలు చేసుకుంది. ఒకరోజు విందు, ఒకరోజు హల్దీ, మెహందీ, మూడోరోజు పెళ్లి. ఫొటోలు తీసేవాడికి ఊపిరి పీల్చుకునే సమయం ఉంది. మనం మూడు రోజుల పని ఒక్క పగట్లో కానియ్యమంటాం. ఈ తొందరలోనే నేను ఒకసారి చెయ్యరాని తప్పు చేశాను.

*

అయిదారేళ్ల కిందటి మాట. మా మండలంలోనే ఒక ఊళ్లో లగ్గం, మే నెల. పెళ్లికూతురు తండ్రి దుబాయిలో పని. మా వైపు ఇంటికొకరు గల్ఫులో ఉంటారని మీకు తెలుసు. ఆయనకు పదిహేను రోజుల సెలవు దొరికింది. ముహూర్తాలు ముందు వెనకలై చివరికి పెళ్లి రోజు రాత్రే విమానం పడింది. శంషాబాదు చేరాలంటే సాయంత్రం ఆరింటికల్లా ఊరు వదలాలి. ఈలోపు ఒప్పగింతలు కానిచ్చేద్దామని పెద్దలు అనుకున్నారు.

నాలుగింటికి పెళ్లికొడుకు నా దగ్గరికొచ్చి, "అన్నా, నిజాంసాగర్ కట్ట మీద ఒక్క సన్‌సెట్ ఫొటో. గంటల వద్దం," అన్నాడు. వద్దని చెప్పాల్సింది నేను. నాకూ ఆశే! నిజాంసాగర్ అంటే మాటలా? 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన రాతికట్ట. ఎండ వాలేవేళ ఆ రాయి మీద పట్టుచీర రంగు చూసి తీరాలి. సరే పదండన్నాను.

వెళ్లాం. సూర్యుడికి మబ్బు అడ్డమొచ్చింది. "ఇంకో పది నిమిషాలు," అన్నాను. మళ్లీ "ఇంకో పది". ఫోన్లన్నీ కార్లో పెట్టేశాం. ఆరున్నర దాటాక మబ్బు విడిపోయింది. ఫొటో వచ్చింది. నా జీవితంలో తీసిన మంచి ఫొటోల్లో అదొకటని ఇప్పటికీ చెబుతాను.

ఊరు చేరేసరికి ఏడున్నర. తండ్రి వెళ్లిపోయి గంటన్నర. ఎదురుచూసి, రెండుసార్లు ఫోను చేసి, ఇక ఆగలేక కారెక్కేశాడట. ఆ పిల్ల పందిట్లో అలాగే నిలబడిపోయింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నెల తర్వాత ఆల్బం చూసుకోవడానికి వచ్చింది. కట్టమీది ఫొటో పేజీ తిప్పేసింది. "అన్నా, మా నాయినది ఒక్కటి మంచిగున్న ఫొటో చూపియ్యవా?" అంది.

కంప్యూటరు ముందు కూర్చున్నాను. పద్దెనిమిది వందల ఫొటోలు. ఆయన ఉన్నవి పదకొండు. అల్లుడి కాళ్లు కడుగుతూ తల వంచుకున్నవి, నీళ్ల క్యాను మోస్తున్నది, వంటవాళ్లతో మాట్లాడుతూ వీపు కనిపిస్తున్నది. ముఖం నేరుగా ఉన్నది ఒకే ఒక్కటి. కుర్రాళ్లు బ్యాండుకు ఎగురుతుంటే వెనకాల గేటు దగ్గర నిలబడి ఇటే చూస్తున్నాడు. ఫోకసు కుర్రాళ్ల మీద ఉంది. ఆయన మసక. ఆ మసక బొమ్మనే పెద్దది చేయించుకుని పోయింది. డబ్బులు నేను తీసుకోలేదు. అంతకన్నా ఏం చెయ్యగలను?

రీలు రోజుల్లో ఈ తప్పు జరిగేది కాదు. పెళ్లికి అయిదు రీళ్లు, రీలుకు 36. మొత్తం 180 ఫొటోలు. ఒక్కటి వృథా అయినా మా గురువుగారు వీపు పగలగొట్టేవారు. అందుకని ముందే ఒక కాగితం రాసుకునేవాళ్లం. అమ్మాయి తల్లీతండ్రీ, అబ్బాయి తల్లీతండ్రీ, అవ్వా తాతా, మేనమామ. ఆ కాగితం పూర్తయ్యాకే పూలూ, దీపాలూ. ఇప్పుడు కార్డులో వేలు పడతాయి, కాగితం పోయింది.

*

సరే, మళ్లీ తమ్ముడి దగ్గరికొద్దాం.

"చోటు బాగుంటేనే ఫొటో బాగుంటదని ఎవరన్నరు?" అన్నాను. 'మాయాబజార్' (1957) చూడండి. శశిరేఖ పెళ్లి కోసం ద్వారకను మద్రాసు దాటకుండానే మార్కస్ బార్‌ట్లీ కెమెరా చూపించింది. 'ముత్యాలముగ్గు' (1975) చూడండి. మన తెలుగు ఊళ్ల వెలుగుతోనే ఇషాన్ ఆర్య జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. మొన్న మొన్నటి 'రాధేశ్యామ్' (2022) కథ నడిచేది ఇటలీలో. అందులో చాలా భాగానికి ఇటలీని హైదరాబాదులో సెట్లు వేసి నిలబెట్టారు. మనవాళ్లకు చేతకాక కాదు.

పాతరాయే కావాలంటే మన జిల్లాలో లేదా? కామారెడ్డి దాటి కాస్త ముందుకు పోతే దోమకొండ. కోటలో నల్లరాతి మహాదేవాలయం, పక్కనే సున్నపు నగిషీలతో తెల్లటి రాజమహలు. ఒకటి వెలుగును మింగేస్తుంది, ఒకటి తిప్పి కొడుతుంది. టస్కనీ గోడకూ కోమో సరస్సుకూ ఉన్నంత తేడా ఒకే ప్రహరీ లోపల ఉంది! 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ అవార్డుల్లో దోమకొండకు మెరిట్ అవార్డు వచ్చింది. అన్నట్టు, వరుణ్ అన్న రామ్‌చరణ్ 2012లో పెళ్లాడిన ఉపాసన ఆ దోమకొండ సంస్థానం వారి ఆడపడుచే.

తమ్ముడు ఆలోచనలో పడ్డాడు. "మరి పదకొండు గంటల ఎండకు ఏం చేద్దమన్నా?"

ఆ రోజే స్కూటరెక్కి ఇద్దరం ఫంక్షన్ హాలుకు వెళ్లాం. హాలుకు ఒకపక్క పెద్ద వేపచెట్టు, ఎదురుగా తెల్లగోడ. ఆ నీడలో తమ్ముణ్ణి నిలబెట్టి అరచెయ్యి చాపమన్నాను. గోడమీది ఎండ చేతిమీదికి మెత్తగా వచ్చి పడింది. తన ఫోనుతోనే ఒక ఫొటో తీసి చూపించాను. కాసేపు చూసుకుని, "అరె!" అన్నాడు. అంతే.

మండపం ఆ గోడవైపు తిప్పించాలని మాట అనుకున్నాం. జంట ఫొటోలు మరునాటి సాయంత్రానికి పెట్టుకున్నాం. దోమకొండా, నిజాంసాగరా అన్నది అమ్మాయిని అడిగి చెబుతానన్నాడు. అడ్వాన్సు ఇవ్వబోతే ఆపాను.

"పైసలు తర్వాత. ముందుగాల ఒక కాగితం రాసుకొని రా. ఎవరెవరి ఫొటో తప్పకుండ ఉండాలె, ఎవరు ఎన్నింటికి వెళ్లిపోతరు. గది నా చేతుల పెట్టు."

నిన్న తెచ్చిచ్చాడు. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం, ఇరవై మూడు పేర్లు. మొదటి పేరు వాళ్ల నానమ్మది. పక్కన బ్రాకెట్లో రాశాడు: "ఎండల కూసోలేదు, తొమ్మిదింటికే తియ్యాలె."

తొమ్మిదింటికే తీస్తాను.