మాటలకు కావలసింది వస కాదు, చెవి పరీక్ష

ప్రశ్న: మా బాబుకు రెండున్నరేళ్లు. "అమ్మ", "తాత" తప్ప మాటలు లేవు. ఏం కావాలన్నా వేలితో చూపిస్తాడు, లేదా చెయ్యి పట్టుకుని లాక్కుపోతాడు. తలుపు దబ్బున వేస్తే తిరిగి చూస్తాడు కనుక చెవుడు లేదనుకుంటున్నాం. నేను ఉద్యోగానికి వెళితే బాబును చూసేది మా అత్తగారే. వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే మాటలొచ్చాయంటూ ఆవిడ రోజూ వస అరగదీసి నాలుకకు రాస్తున్నారు. నాలుక కింద నరం కోయించమని పక్కింటివారి సలహా. ఏం చేయాలి?
– ఒక తల్లి, నర్సీపట్నం

జవాబు: నాలుగేళ్లదాకా ఆగవద్దు. రెండేళ్లు నిండేసరికి పిల్లలు "పాలు కావాలి", "నాన్న ఏడీ" అని రెండేసి మాటలు కలపాలి. మీ బాబుకు అది రాలేదు.

ముందు చెవులు చూపించండి. తలుపు వేసినప్పుడు అదురు ఒంటికి కూడా తెలుస్తుంది. పైగా పెద్ద చప్పుళ్లు వినబడుతూ, మాటలోని స, శ వంటి సన్నని ధ్వనులు మాత్రం అందని పిల్లలున్నారు. వినబడని మాట నోటికి ఎలా వస్తుంది? 'బెరా' అనే పరీక్షలో బాబును నిద్రపుచ్చి, శబ్దానికి మెదడు ఎలా స్పందిస్తుందో యంత్రంతో కొలుస్తారు. నొప్పి ఉండదు. జలుబు వల్ల చెవిలో నీరు చేరి ఉంటే వైద్యంతో తగ్గుతుంది. పుట్టుచెవుడైతే మాత్రం వినికిడి యంత్రం ఎంత త్వరగా పెడితే అంత మేలు.

వస మానిపించండి. వసపిట్టలా మాట్లాడతారనే ఆశే తప్ప దానివల్ల మాటలు రావు, వాంతులు పట్టుకోవచ్చు. నాలుక కింది పొర బిగువుగా ఉంటే కొన్ని అక్షరాలు సరిగ్గా పలకకపోవచ్చుగాని, అసలు మాటలే రాకపోవడానికి అది కారణం కాదు.

చెవులు బాగున్నా స్పీచ్ థెరపిస్టును కలవాలి. స్పీచ్ థెరపిస్టంటే అ, ఆ పలికించే మాస్టారని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదట చూసేది నోటిని కాదు. చెప్పింది బాబుకు అర్థమవుతోందా? పేరు పెట్టి పిలిస్తే మొహంలోకి చూస్తాడా? తనకు నచ్చింది మీకూ చూపిస్తాడా? ఇవి లేకపోతే ఆటిజమేమోనని పరీక్షిస్తారు. వేలితో చూపిస్తున్నాడన్నారు, అది మంచి గుర్తే. సైగలు, బొమ్మల అట్టలు నేర్పితే మాట మానేస్తాడని భయపడకండి. అవి మాటకు అడ్డురావు.

అసలు శిక్షణ ఇంట్లోవాళ్లకే. బాబు పాలగ్లాసు చూపిస్తే నోరెత్తకుండా ఇచ్చేయకండి. "పాలు అను, పాలు అను" అని వేధించనూ వద్దు. "పాలా? పాలు కావాలా?" అని అయిదు లెక్కపెట్టేంతసేపు ఆగండి. "పా" అన్నా చాలు, సంతోషంగా ఇవ్వండి. "తాత" అంటే మీరు "తాత వచ్చాడు" అనండి. అన్నం పెట్టేటప్పుడు సెల్‌ఫోను దాచేయండి, అది మాట్లాడుతుందిగాని బదులు వినదు. బడి కోసమని ఇంగ్లీషు ముక్కలు వద్దు, మీ ఇంటి తెలుగే మాట్లాడండి.

మొదట మీ ఊరి ప్రభుత్వాసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపించండి. చెవి పరీక్షకు విశాఖలో ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వినికిడి లోపం, మాట ఆలస్యం కూడా ఉన్నాయి. అంగన్‌వాడీ కార్యకర్తను అడగండి. బాబు అనే మాటలు, చేసే సైగలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. అత్తగారినీ తప్పక వెంట తీసుకెళ్లండి. పగలంతా బాబుతో మాట్లాడవలసింది ఆవిడే కదా!