బేరం తెర దాటిపోకుండా...

చీర నచ్చింది. ధర చూద్దామని ఫోన్లో దుకాణం వెబ్‌సైట్‌ తెరిస్తే అక్షరాలన్నీ చీమల్లా! రెండు వేళ్లతో పెద్దవి చేస్తే సగం వాక్యం తెర దాటిపోతుంది. ఒకటి నొక్కబోతే పక్కది తెరుచుకుంటుంది. విసుగొచ్చి మూసేస్తాం. బేరం ఎందుకు పోయిందో పాపం దుకాణదారుకి తెలియనే తెలియదు.

దీనికి విరుగుడే 'రెస్పాన్సివ్‌ వెబ్‌ డిజైన్‌'. 2010లో అమెరికన్‌ డిజైనర్‌ ఈథన్‌ మార్కాట్‌ పెట్టిన పేరిది. తెర వెడల్పుని బట్టి పేజీ తనే సర్దుకుంటుంది. కంప్యూటర్లో మూడు వరసల్లో ఉండే బొమ్మలు ఫోన్లో ఒకదాని కింద ఒకటి వస్తాయి. అక్షరాలు చదవడానికి వీలుగా ఉంటాయి.

వ్యాపారికేం లాభమంటారా? ఫోనుకొకటి, కంప్యూటరుకొకటి అంటూ రెండు సైట్లు నడపక్కర్లేదు. ధర మారితే ఒక్కచోట దిద్దితే చాలు. పైగా ఫోన్లో వెతికేవారికి, ఫోనుకి అనువైన పేజీలను ముందు చూపించడం గూగుల్‌ 2015 ఏప్రిల్లోనే మొదలుపెట్టింది.

మరి మీ సైటు సంగతేంటి? కంప్యూటర్లో తెరిచి, బ్రౌజర్‌ విండోని అంచు పట్టుకుని సన్నగా లాగి చూడండి. పేజీ దానంతటదే సర్దుకుందా, సరే. చదవడానికి పక్కకి జరపాల్సి వస్తోందా... మీ ఖాతాదారులు ఫోన్లో పడుతున్న అవస్థ అదే!