సగటు ఇరవై అయిదు

పిల్లలూ! మొన్న మైపాడు ఇసుకలో తాటిమట్ట బ్యాట్లతో ఆడుతున్న కుర్రాళ్ళిద్దరు పోట్లాడుకుంటూ నా దగ్గరకు వచ్చారు.

"మాస్టారూ! మన క్రికెట్ బోర్డు 1994 నుంచి జీవిత సాఫల్య పురస్కారం సి.కె. నాయుడి పేరిట ఇస్తున్నదట. టెస్టుల్లో ఆయన సగటు 25! అంత గౌరవానికి తగునా?" అన్నాడు ఒకడు.

"తెలుగువాడు గనక తగును!" అన్నాడు రెండోవాడు.

అది కారణం కాదు సుమా! నాయుడంటే నాకూ పక్షపాతమే, కాని ఆయన పుట్టింది నాగపూరులో.

లెక్క మొదటివాడిదే నిజం. 14 ఇన్నింగ్సులు, 350 పరుగులు, భాగించి చూడండి. ఆడినవి 7 టెస్టులే. అయితే 1932 నుంచి 1936 దాకా మన దేశం ఆడినవే ఏడు! లార్డ్సులో జరిగిన తొలి టెస్టుకు నాయకుడు ఆయనే. అప్పటికే వయసు 36. మళ్ళీ మనవాళ్ళు టెస్టు ఆడింది 1946లో; అప్పటికి ఆయనకు 50 నిండాయి. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో కొట్టిన 153 పరుగులు టెస్టు లెక్కలోకి రానే రావు.

"తొలి టెస్టులో 158 పరుగుల తేడాతో ఓడాం గదా?" అన్నాడు మొదటివాడు, పట్టు విడవకుండా.

ఓడాం. మొదటి ఇన్నింగ్సులో మనవైపు అందరికంటె ఎక్కువ కొట్టింది నాయుడే, 40.

వాడు వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకుంటూ వెళ్ళాడు. ఇంకా ఒప్పుకోలేదు.