నింద తల్లిది కాదు



మన ఆర్మూరు ప్రాంతంలో ఏ ఇంటనైనా శిశువు లోపంతో పుడితే వెంటనే వినబడే మాటలు మీకు తెలియనివి కావు. "నెలలు నిండినా పసుపు బస్తాలు మోసింది", "గ్రహణం నాడు బయట తిరిగింది" అని బాలింతను నిందిస్తారు. అటువంటి లోపాలలో ఒకదానిని గూర్చి ఈ నెల వ్రాయదలచాము. దానిని వైద్యులు పుట్టుకతో వచ్చే డయాఫ్రం హెర్నియా అంటారు.

రొమ్ముకు, కడుపుకు మధ్య అడ్డుగోడవలె ఉండే పలుచని కండరమే డయాఫ్రం. మనం ఊపిరి తీసేది ముఖ్యంగా దాని కదలికవల్లనే. గర్భంలో ఈ గోడ దాదాపు 8 నుండి 10 వారాలలోపు పూర్తిగా మూసుకోవాలి. ఎక్కడైనా సందు మిగిలితే ప్రేగులు, ఒక్కోసారి జీర్ణాశయం, కాలేయం రొమ్ములోనికి జరుగుతాయి. వాటి ఒత్తిడికి ఊపిరితిత్తులు సరిగా పెరగవు. ఇంచుమించు 2,500 నుండి 3,000 కాన్పులకు ఒక శిశువుకు ఇలా జరుగుతుంది. పదింట ఎనిమిది సార్లు సందు ఎడమవైపే ఉంటుంది.

ఆలోచించండి. మూడవ నెలలోనే మిగిలిపోయిన సందుకు, ఏడవ నెలలో ఎత్తిన బస్తాకు సంబంధమేమిటి? చాలామందిలో దీనికి కారణం ఇదని వైద్యులు కూడ చెప్పలేరు. ఇతర లోపాలేవీ లేకుంటే తరువాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం నూటికి రెండు పాళ్లకు అటు ఇటు మాత్రమే.

మరి మనం చేయగలిగినదేమి? అయిదవ నెలలో, అనగా 18 నుండి 20 వారాల మధ్య, స్కానింగు తప్పక చేయించండి. చాలా సందర్భాలలో లోపం అప్పుడే తెలుస్తుంది. తెలిసినయెడల పసిపిల్లలకు శస్త్రచికిత్స చేసే పెద్ద ఆసుపత్రిలోనే కాన్పు జరిగేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. హైదరాబాదు మనకు దాదాపు 180 కిలోమీటర్లు. ఊపిరాడని శిశువును అంతదూరం తీసుకుపోవడంకంటె, తల్లి ముందుగా వెళ్లడం ఎంతో క్షేమం.

ముందు తెలియకపోతే ఈ గుర్తులు చూడండి: పుట్టగానే ఆయాసం, పెదవులు నీలమగుట, ప్రక్కటెముకలు లోపలికి గుంజుకొనుట, రొమ్ము ఉబ్బి పొట్ట లోపలికి పోయినట్లుండుట. వాము కాపడాలు, పసుపు పట్లు వేస్తూ ఆలస్యం చేయవద్దు. నోట పాలుగాని, తేనెగాని పోయవద్దు. వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

అక్కడ వైద్యులు గొంతులో గొట్టమువేసి శ్వాస ఇస్తారు. ముఖానికి మాస్కుపెట్టి గాలి కొడితే అది ప్రేగులలో చేరి ఊపిరితిత్తులను ఇంకా నొక్కుతుంది. బోస్టన్‌లో డాక్టర్ రాబర్ట్ గ్రాస్, పుట్టి ఒక దినమైనా నిండని శిశువుకు ఈ ఆపరేషన్ చేసి బ్రతికించిన సంగతిని 1946లో ప్రకటించారు. ఆ తరువాత ఎంతోకాలం తొందరగా కోయడమే మేలనుకున్నారు. నేడు ముందు శ్వాసను, రక్తప్రసరణను కుదుటపరచి, ఆ తరువాతనే సందు కుడతారు. కాబట్టి "ఇంకా ఆపరేషన్ చేయరేమి?" అని వైద్యులతో తగవు పడవద్దు. మంచి వసతులున్నచోట పదిమందిలో సుమారు ఏడుగురు బ్రతుకుతున్నారు.

మిగిలిన ముగ్గురి ఇండ్లకు కూడ మనం వెళ్లవలసియున్నది. పుట్టు గ్రుడ్డివాని విషయమై ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, ప్రభువు ఆ నిందను అతనిమీదగాని తలిదండ్రులమీదగాని మోపనియ్యలేదు. మనమెందుకు మోపాలి? ఆ ఇంట కారణాలు వెదకవద్దు. ఆ తల్లి ప్రక్కన కూర్చుండి, "అమ్మా, నీ తప్పేమీ లేదు" అని ఆమె అత్తమామలు వినేటట్లు చెప్పండి.